ఏడు ఒకట్లు

పదో తరగతిలో మా లెక్కల సారు ఒకరోజు బోర్డు మీద వరసగా ఏడు ఒకట్లు రాశాడు. పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు. "ఇది ప్రధాన సంఖ్య. ఒకటీ, అదీ తప్ప దీన్ని ఏదీ భాగించదు," అన్నాడు. మేమంతా రాసుకున్నాం. నా పక్కన కూర్చునే పిల్ల మాత్రం రాసుకోలేదు.

ఆ పిల్ల పెద్దముడియం దగ్గరి పల్లె నుంచి జమ్మలమడుగు బడికి బస్సులో వచ్చేది. అమ్మానాన్నా కూలికి పోయేవాళ్లు. మరునాటి నుంచి ఖాళీ దొరికితే చాలు, ఆ సంఖ్యను రెండుతో, మూడుతో, ఐదుతో, అట్లా ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగిస్తూ కూర్చునేది.

"సారు చెప్పినాడు గదా, మళ్లా ఏం చూస్తాండావు?" అని అడిగాను.

"సారు అన్నిట్తో చేసి చూసినాడా? వెయ్యీ యాభై నాలుగు దాకా చూస్తే చాలు. అంతకంటే పెద్దవి రెండు గుణిస్తే దీన్ని దాటిపోతాది."

యాభై ఒక్క సంఖ్యలతో శేషం మిగిలింది. యాభై రెండోది రెండు వందల ముప్పై తొమ్మిది. దాంతో శేషం సున్నా. భాగఫలం నాలుగు వేల ఆరు వందల నలభై తొమ్మిది. తిరిగి గుణించి సరిచూసుకుని, కాగితం చించి నా చేతికిచ్చింది.

"రేపట్నుంచి పత్తి తీసేదానికి పోవాల. వారం రాను. సారుకు నువ్వు చూపించు."

క్లాసులోనే చూపించాను. సారు రెండుసార్లు గుణించి చూశాడు. ఎవరు చేశారని అడిగితే ఆ పిల్ల పేరే చెప్పాను. ఆయన నవ్వాడు.

"పత్తి ఏరే పాపకు ఇదంతా యాడ తెలుస్తాది? నువ్వే కదా చేసింది?"

మా నాన్న అదే బడిలో టీచరు, సారుకు స్నేహితుడు. నేను అవునన్నట్టు తల ఊపాను. నన్నెవరూ బలవంతం చేయలేదు.

కడపలో లెక్కల పోటీకి బడి తరఫున ఒక్కరినే పంపుతారు. ఆ కాగితం చూసి నన్ను పంపారు. అక్కడ నాకే బహుమతీ రాలేదు.

వారం తర్వాత ఆ పిల్ల బడికి వచ్చి, "నేను చేసినానని చెప్పలేదా?" అంది.

"చెప్పినా, నమ్మలేదు," అన్నాను. అది సగం నిజం. మిగతా సగం క్లాసులో వాళ్లే చెప్పేశారు. ఆమె నాతో పోట్లాడలేదు. పుస్తకాలు తీసుకుని వెనక బెంచీకి వెళ్లిపోయింది. పది పాసైంది గానీ ఇంటర్‌లో చేరలేదు. అది నా వల్లే అనలేను, కాదని కూడా అనలేను.

నేనిప్పుడు పులివెందులలో లెక్కల టీచర్ని. పోయిన ఏడాది ప్రొద్దుటూరు బస్టాండులో ఆమె కనిపించింది. బట్టల అంగట్లో పనిచేస్తోందట. పక్కన కూర్చుని, ఆరోజు తల ఊపింది నేనేనని, తప్పు నాదేనని చెప్పాను.

"తెలుసులే," అంది. "ఇప్పుడు చెప్పుకుంటే నీకు బరువు దిగుతాది. నాకేం దిగుతాది?"

జమ్మలమడుగు బస్సు రాగానే సంచీ తీసుకుని లేచింది. ఫోన్ నంబరు అడుగుదామని నేనూ లేచాను. అడగలేకపోయాను.