హారన్ కొట్టకుండా బోధన్ దాకా

సొంత చెల్లెలి పెళ్లికి మా ఆవిడ సుగుణ వెళ్లలేకపోయింది. నిజామాబాదు నుంచి బోధన్ ఎంత దూరమని? బస్సెక్కితే గంట ప్రయాణం. కానీ సుగుణకు బస్సు పడదు. డీజిల్ వాసన తగిలితే చాలు, కళ్లు తిరిగి కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చేస్తుంది. ఆ పెళ్లి రోజున సగం దారిలో బస్సు ఆపించి, పట్టుచీరతో సహా ఆమెను రోడ్డు పక్కన పడుకోబెట్టి, చివరికి ఎదురొచ్చిన ఎడ్లబండిలో ఇంటికి తిప్పి తీసుకొచ్చాను. చెల్లెలు రూతు ఆ సంగతి నమ్మలేదు. "బస్సు పడకపోవుడేంది, నేనే పడలేదు అక్కకు" అన్నదట. రెండేళ్లు మాటలు లేవు. ఆ చలికాలంలో బోధన్ నుంచి వచ్చిన బంధువొకాయన మా ఫొటో స్టూడియో ముందు ఆగి కబురు చెప్పాడు. రూతుకు కొడుకు పుట్టాడు, ఆదివారం పది గంటలకు చర్చిలో బాప్తిస్మం, పిల్లవాణ్ణి పెద్దమ్మే ఎత్తుకోవాలి. "ఈసారి గూడ రాకుంటే నాకు అక్కే లేదనుకుంట" అన్నదట. సుగుణ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

డెబ్బైల మొదటి సంవత్సరాల మాట ఇది. నేను పెళ్లి ఫొటోలు తీసిన ఒక కాంట్రాక్టరు దగ్గర పాత చిన్న కారొకటి ఉండేది. రెండు తలుపులు, పెసరపప్పు రంగు. ఎప్పుడూ దానివంక ఆశగా చూసేవాణ్ణి. కబురు వచ్చిన మర్నాడే వెళ్లి అడిగాను. "వారం నడిపి సూడు. నచ్చితే ఉంచుకో, లేకుంటే సోమవారం తెచ్చియ్యి. ఆర్మూరు పసుపు సేటు అడుగుతుండు" అన్నాడు. ఆ వారమంతా నేను నేలమీద లేను. ఆ కారు తలుపు ఊరికే వేస్తే పడదు, కాస్త పైకెత్తి వేయాలి. చలికి చోక్ లాగితే రెండుసార్లు దగ్గి మూడోసారి లేస్తుంది. వైపరు తనకు బుద్ధి పుట్టినప్పుడు కదులుతుంది. ముందు సీట్లో కూర్చుంటే నా మోకాళ్లు స్టీరింగ్‌కు తగులుతాయి. అయినా లీటరు పెట్రోలుకు పన్నెండు పదమూడు కిలోమీటర్లు పరుగెత్తేది. గంజ్ మార్కెట్ ముందునుంచి వెళ్తుంటే తెలిసినవాళ్లంతా చెయ్యెత్తేవాళ్లు, నేను తెలియనివాళ్లకు కూడా చెయ్యెత్తేవాణ్ణి.

గురువారం సాయంత్రం సుగుణను ఎక్కించుకుని పరీక్షగా డిచ్‌పల్లి వైపు తీశాను. బోర్గాం దాటీ దాటగానే ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బండి ఆపేలోపే అయిపోయింది. మొహం కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, "ఇది గూడ బస్సు తమ్ముడే" అంది. నా ప్రాణం ఉసూరుమంది. ఆమెను బోధన్ చేర్చలేని కారు నాకెందుకు? సోమవారం తిరిగి ఇచ్చేయడమేనని ఇద్దరికీ అర్థమైంది.

ఆదివారం తెల్లవారి ఆరున్నరకు బయలుదేరాం. మెల్లగా పోతే పడుతుందేమోనని అంత పొద్దున్నే. నాకు డ్రైవింగు నేర్పిన మెకానిక్ యూసుఫ్ భాయ్ శాలువా కప్పుకుని సాగనంపడానికి వచ్చాడు. చేతిలో నిమ్మకాయ, చంకలో మడత పెట్టిన ఉర్దూ పేపరు.

"ఫికర్ జెయ్యకు భాయ్. నిమ్మకాయ ముక్కు కాడ వెట్టమను, పేపర్ కడుపుకు కట్టమను. ఇన్షా అల్లా, బోధన్ దాక ఏం గాదు."

"ఉర్దూ పేపరే గావాల్నా? తెలుగుది పనిజెయ్యదా యూసుఫ్ భాయ్?" అంది సుగుణ, ఆ భయంలోనూ.

"ఉర్దూది జర మందం ఉంటది బహెన్."

బంకులో అయిదు లీటర్లు పోయించాను. లీటరు రూపాయి పైచిలుకు ఉన్న రోజులవి, రానూపోనూ అదే ఎక్కువ. అర్సపల్లి దాటాక ఊరు అయిపోయి మంచు మొదలైంది. అంత మంచు నేను మళ్లీ చూడలేదు. రోడ్డుకు రెండు వైపులా చెరకు తోటలు, వాటి తలలు మాత్రమే తేలుతున్నాయి. అద్దాలు దించాం. తడిసిన మట్టి వాసన, ఎక్కడో బెల్లం వండుతున్న వాసన. ఇరవై మైళ్ల వేగం దాటకుండా, గతుకు కనిపిస్తే ఊపిరి బిగబట్టి నడిపాను. సుగుణ నిమ్మకాయ వాసన చూస్తూ కళ్లు మూసుకుని ఉంది. జానకంపేట చెరువు పక్కన నీళ్లూ ఆకాశమూ ఒకే రంగులో కలిసిపోయి, ఒడ్డెక్కడో తెలియకుండా ఉంది. "సూడు, ఎంత బాగుందో" అన్నాను. ఆమె కళ్లు తెరిచి, "ఆపు" అంది.

దిగి, చెరువు గట్టు మీద కూర్చుంది. మొహం తెల్లగా పాలిపోయింది. ఇంకా సగం దారి ఉంది. గ్లాసు నీళ్లు తాగించి మళ్లీ ఎక్కించాను. ఫర్లాంగు పోయామో లేదో, మంచులోంచి చెరకు బండి వెనకభాగం ఊడిపడ్డట్టు ఎదురైంది. దాని ముందు ఇంకో బండి, దాని ముందు ఇంకోటి. బోధన్ ఫ్యాక్టరీకి చెరకు తోలుకుపోతున్న వరుస. రోడ్డేమో సన్నం, ఒకవైపు కాలువ. నాకు తొందర, కంగారు, కోపం. పక్కన పెళ్లాం పరిస్థితి అలా ఉంది, ఎదురుగా ఈ కదలని గోడ. హారన్ మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాను.

ఎడ్లు అదిరిపడ్డాయి. బండి పక్కకు గుంజుకుపోయి ఒక చక్రం కాలువ అంచుకు వెళ్లింది. ఒక కట్ట చెరకు జారి రోడ్డు మీద పడింది. గొంగడి కిందనుంచి ఒక ముసలాయన తల బయటికి వచ్చింది.

"ఎవడ్రా వాడు! తొవ్వ నీ అయ్య జాగీరా?"

నేను నోరు తెరిచేలోపే సుగుణ దిగి పరుగెత్తింది. అప్పటిదాకా నిలబడలేని మనిషి! ఎడ్ల మెడలు నిమిరి, "హో... హో..." అంటూ కాడి పట్టుకుని బండిని రోడ్డు మీదికి తెచ్చింది. ముసలాయన కోపం ఆమె పనితనం చూసి సగానికి దిగింది.

"గిట్ల హారన్ కొట్టొద్దు సారూ. రాత్రంత నడిచినం. తెల్లారంగ అందరికీ జర కన్ను మల్గుతది. ఎడ్లకు తొవ్వ ఎరుకే, అవ్వే పోతయి. బెదిరినయంటే అందరం కాలువల వడ్తం."

అప్పుడు చూశాను. వరుసలో ప్రతి బండి మీదా ఒక మనిషి పడుకుని ఉన్నాడు. చెరకు కట్టల మీద గొంగళ్లు, గొంగళ్ల కిందనుంచి పాదాలు. బండ్ల కింద వేలాడుతున్న లాంతర్లు ఇంకా వెలుగుతున్నాయి. తోలేవాడు ఒక్కడూ మేలుకుని లేడు. అయినా అన్ని బండ్లూ ఒకదాని వెనక ఒకటి, కిర్రు కిర్రుమంటూ మంచులోకి పోతూనే ఉన్నాయి. నా తొందర ఎటు పోయిందో తెలియదు, అలాగే చూస్తూ నిలబడ్డాను.

సుగుణ జారిపడిన కట్టను నాతో ఎత్తించి బండి మీద వేయించింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, "నువ్వు కారు తీస్కొని పో. నేను తాత బండి మీద వస్త" అంది.

"బండి చేరేసరికి మధ్యాహ్నమైతది. చర్చిల అంతా అయిపోతది."

"ఎరుకే." ఆమె కళ్లల్లోంచి నీళ్లు దుమికాయి. "మరేం జెయ్యాలె? గా కార్ల పోతే నేను సగం సచ్చి పోత. నాకు ఎత్తుకోను చేతులాడుతయా? రూతు మెట్ల కాడ నిలవడి తొవ్వ సూస్తుంటది."

ముసలాయన బండి మీదనుంచే వింటున్నాడు. "బండిల పానం బాగుంటదా బిడ్డా నీకు?"

"బండిల ఏం గాదు తాతా. మా బాపుది గూడ చెరుకు బండే. బాపు పండుకుంటే నేనే పగ్గాలు వట్టేదాన్ని."

"అయితే గా డబ్బా పగ్గాలు గూడ నువ్వే వట్టరాదు!" అని కారు వైపు చూసి పకపకా నవ్వి, మళ్లీ గొంగడి కప్పుకున్నాడు. ఎడ్లు కదిలాయి.

మేం మాత్రం నవ్వలేదు. సుగుణ నన్ను చూసింది, నేను కారును చూశాను.

"నీకేమన్న పిచ్చా?" అన్నాను. కారు నాది కాదు. గీత పడితే కాంట్రాక్టరు ఊరుకోడు. పక్కనే కాలువ. ఆమెకు స్టీరింగు పట్టడం రాదు, లైసెన్సు మాట దేవుడెరుగు. ఇవన్నీ నేను చెబుతూనే ఉన్నాను. ఆమె కుడివైపు తలుపు పైకెత్తి వేసుకుని, సీటు ముందుకు జరుపుకుని కూర్చుంది.

"ఇగ జెప్పు. ముందు ఏది తొక్కాలె?"

రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. మూడోసారి మొదటి గేరులో కదిలింది. నేను ఎక్కలేదు. కిటికీ పట్టుకుని పక్కన నడుస్తూ వచ్చాను. ఎడ్ల నడక ఎంతో మా కారు నడక అంత. ముందు బండి లాంతరు ఊగుతోంది, చెరకు ఆకులు రాసుకుంటున్నాయి, మంచు మెల్లగా బంగారు రంగు తిరుగుతోంది. ఆ దారి ఇంకా చాలా పొడుగుంటే బాగుండుననిపించింది. సుగుణ పెదవి కొరుక్కుని, కళ్లు రోడ్డు మీదే పెట్టి, రెండు చేతులా చక్రం పట్టుకుంది. కాసేపటికి కూనిరాగం వినిపించింది. వంగి చూస్తే బుగ్గల్లోకి రంగు తిరిగి వచ్చింది.

"కడుపుల ఎట్లున్నది?"

"ఏం కడుపు?" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఎడపల్లి దగ్గర రోడ్డు కాస్త వెడల్పైంది. నేను ముందుకు పోయి ఒక్కొక్క బండిలో పడుకున్నవాళ్ల పాదం మెల్లగా తట్టి, "అన్నా, జర పక్కకు" అని బతిమాలాను. కొందరు గొణిగారు, కొందరు కన్ను తెరవకుండానే పగ్గం లాగారు. ఆడమనిషి కారు తోలుతుంటే ఒకతను మాత్రం లేచి కూర్చుని, మళ్లీ కళ్లు నులుముకున్నాడు. వరుస దాటాక నేను ఎడమవైపు ఎక్కాను. అప్పుడు తెలిసింది నాకు అసలు సంగతి. ఆమె క్లచ్ వదిలితే కారు గెంతుతుంది, బ్రేకు తొక్కితే నా నుదురు అద్దానికి పోతుంది. గతుకులన్నీ ఆమెకు ముందే తెలుస్తాయి, నాకు పడ్డాక తెలుస్తాయి. రెండు మైళ్లకే నాకు వాంతి వచ్చేట్టయింది. సుగుణ ఓరగా చూసి, కడుపుకు కట్టుకున్న పేపరు ఒక చేత్తో లాగి నా ఒళ్లో పడేసింది. "ఇగో, కట్టుకో. జర మందం ఉంటది."

ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపించి, పాకం కాగే తియ్యటి వాసన ఊరంతా కమ్ముకునేసరికి నాకు పూర్తిగా అయిపోయింది. చర్చి ఆవరణలోకి కారు వంకరగా వెళ్లి ఆగింది. లోపల పాట మొదలైంది. రూతు ఇంకా మెట్ల మీదే నిలబడి ఉంది, చంకలో పిల్లవాడు, చేతిలో నీళ్ల చెంబు. అక్కకు ప్రయాణం పడదని ఆమెకు లోపల తెలుసన్నమాట. చెంబుతో గబగబా ఎడమవైపు తలుపు దగ్గరికి వచ్చింది. కిటికీలోంచి వేలాడుతున్నది నా మొహం.

"బావా! నువ్వేంది? అక్క ఏది?"

 బొటనవేలితో పక్కకు చూపించాను. సుగుణ చక్రం వదలకుండా, కాళ్లు క్లచ్, బ్రేకుల మీదనుంచి తీయకుండా, ఎదురుగా గోడవైపే చూస్తూ అంది:

"రూతూ, గీ ఇంజను ఎట్ల బంద్ జెయ్యాల్నో మీ బావను అడుగు. నాకు పోనిచ్చుడే చెప్పిండు."

రూతు నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడ్చింది. చెంబు నా చేతిలో పెట్టి, అటువైపు తిరిగి వెళ్లి, కిటికీలోంచి పిల్లవాణ్ణి అక్క ఒళ్లో పడుకోబెట్టింది. "ఎత్తుకో" అంది, అంతే. రెండేళ్ల తర్వాత అక్కతో ఆమె అన్న మొదటి మాట అది.

సోమవారం కాంట్రాక్టరు ఇంటికి సుగుణే వెళ్లి, కారు మేమే ఉంచుకుంటామని చెప్పి వచ్చింది. తర్వాత లైసెన్సు కూడా తీసుకుంది, నాకంటే తక్కువ తప్పులతో. ఆ కారు మా దగ్గర చాలా ఏళ్లు ఉంది. ఎన్నో ఊళ్లు తిరిగాం, కానీ కళ్లు మూసుకుంటే నాకు కనిపించేది ఆ ఒక్క తెల్లవారుజామే. అంతకు ముందు నేను ఆమెను జాగ్రత్తగా తీసుకుపోవాలనే అనుకునేవాణ్ణి. ఆమెకు కావలసింది నా జాగ్రత్త కాదు, నా సీటు. అది ఇవ్వడానికి నాకు అంత మంచు, అన్ని బండ్లు కావలసి వచ్చాయి.

మీరూ చలికాలంలో అటు వెళ్లాలనుకుంటే, తెల్లవారకముందే బయలుదేరండి, జానకంపేట చెరువు దగ్గరికి మంచు ఉండగానే చేరతారు. ఇంట్లో ఎవరికైనా ప్రయాణం పడదంటే, లైసెన్సు తీసుకోమని చెప్పి, బండి వాళ్లకే ఇచ్చి చూడండి. సీటు ఇచ్చినవాళ్లు మాత్రం ఆ పొద్దున ఏమీ తినకుండా ఎక్కడం మంచిది.