లింబయ్య గెలిచిన చివరి కుస్తీ

బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు పోయే రోడ్డు పక్కన ఒక తాలీం ఉండేది. అక్కడ కుస్తీ నేర్పే ఉస్తాద్ లింబయ్య. తాలీం వెనక రేకుల గదిలో అతనూ భార్య వెంకటవ్వా పద్నాలుగేళ్లుగా కాపురముంటున్నారు. పిల్లలు కలగలేదు. భూమి లేదు. సొంతూరు వేల్పూర్‌లో అన్నదమ్ముల ఇంటి గడప తొక్కక ఎన్నేళ్లయిందో అతనికే గుర్తు లేదు.

1956లో ఇందూరు కుస్తీ పోటీల దంగల్‌లో, అప్పటిదాకా జిల్లాలో ఎవరూ పడగొట్టలేని నాందేడ్ పహిల్వాన్‌ను లింబయ్య వెల్లకిలా పడేసి చిత్ చేశాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్ల పాటు అతని వీపుకు మన్ను అంటలేదు. ఆ పేరు మీదే తాలీం కమిటీవాళ్లు అతన్ని ఉస్తాద్‌ను చేసి గది ఇచ్చారు. సీజన్‌లో చెరుకు బండ్లు దించితే నాలుగు డబ్బులు వచ్చేవి. కానీ 1970 నాటికి అతనికి నలభై ఆరేళ్లు. కుడి భుజం పట్టేసి చెయ్యి చెవిదాకా లేచేది కాదు. మోపు ఎత్తబోయి రెండుసార్లు కింద పడేశాక మేస్త్రీ అతన్ని పిలవడం మానేశాడు. ఇక మిగిలింది ఆ గది ఒక్కటే.

ఆ జనవరిలో ఒకరోజు ఫ్యాక్టరీ గేటు ముందరి హోటల్లో, చెరుకు ఆఫీసు గుమాస్తా దశరథం ఉర్దూ పేపర్ చదివి వినిపించాడు. అమెరికాలో గుద్దులాట వీరులు ఇద్దరున్నారట. మార్సియానో అనేవాడు ఒక్కసారైనా ఓడకుండానే 1956లో ఆట మానుకున్నాడు. మహమ్మద్ అలీ అనేవాడు ఆ తర్వాతి కాలంవాడు, అతన్నీ ఎవరూ ఓడించలేదు. ఇద్దరిలో ఎవరు గొప్పో తేల్చడానికి వాళ్ల లెక్కలన్నీ ఒక యంత్రంలో వేస్తే, పదమూడో రౌండ్‌లో మార్సియానో గెలిచినట్టు చెప్పిందట. అప్పటికి మార్సియానో విమానం కూలి చనిపోయి అయిదు నెలలు.

హోటలంతా రెండుగా చీలింది. పాతకాలపు తిండి, పాతకాలపు ఒళ్లు ఇప్పుడెక్కడివని కొందరు. అలీ కాళ్ల వేగం ముందు ఆ ముసలి దెబ్బలు గాలికి పోతాయని కొందరు. కాసేపటికి మాట అమెరికా నుంచి బోధన్‌కు దిగింది. లింబయ్య గొప్పవాడా, ముత్యం గొప్పవాడా?

ముత్యం లింబయ్య చేతిలో తయారైనవాడే. ఇరవై నాలుగేళ్లు. రెండేళ్లుగా అతన్ని పడగొట్టినవాడు లేడు. కమిటీ పెద్ద దేవిదాస్ తన మనసులో మాట అప్పుడే బయటపెట్టాడు. తాలీంకు గెలిచే ఉస్తాద్ కావాలని, హోలీ తర్వాత ముత్యానికి బాధ్యత ఇచ్చి గది కూడా అతనికే ఇద్దామని కమిటీ అనుకుంటోందన్నాడు. పాత పేరుతో ఇంకెన్నాళ్లు నడుస్తుందని అడిగాడు.

మూలన కూర్చున్న లింబయ్య చాయ్ కప్పు కింద పెట్టాడు. చచ్చిపోయిన మార్సియానో అదృష్టవంతుడనిపించింది అతనికి. అతన్ని బరిలోకి దిగి చూపించమని ఎవరూ అడగరు. కానీ నోరు వేరే మాట అన్నది.

"మిషిన్ ఎందుకు దేవిదాస్ సేటు? హోలీ నాడు నేనే దిగుత. ముత్యం నన్ను చిత్ చేస్తే గది ఖాళీ చేస్త."

ఉస్తాద్, శిష్యుడు జనం ముందు కుస్తీ పట్టడం తాలీం రివాజు కాదు. దశరథం వద్దన్నాడు. అక్కడే కూర్చున్న ముత్యం అయితే తల వంచుకుని లేచి వెళ్లిపోయాడు. అయినా మాట ఊరంతా పాకింది.

ఆ రెండు నెలలూ లింబయ్య భుజానికి వేడి ఆముదం పట్టించుకున్నాడు. పొద్దున్నే బరిలో ఎర్రమన్ను తవ్వబోతే పార సగం దాకా లేచి ఆగిపోయేది. తాను గెలవలేడని అతనికి మొదటి వారంలోనే తెలిసిపోయింది. గది పోతే ఎక్కడ తలదాచుకోవాలో వెంకటవ్వ ఒక్కసారి అడిగింది. అతను ఆముదం గిన్నె అందుకున్నాడు. ఆమె మళ్లీ అడగలేదు.

హోలీ నాడు బరి చుట్టూ ఇసుక వేస్తే రాలనంత మంది. లింబయ్య లంగోట బిగించి దిగాడు. ముత్యం వంగి అతని కాళ్లకు మొక్కి లేచాడు. మెడలు పట్టుకున్నారు. మొదటి రెండు నిమిషాల్లోనే లింబయ్యకు ఊపిరి ఎగపోసింది. ముత్యం రెండుసార్లు నడుం పట్టు దాకా వచ్చి వదిలేశాడు. మూడోసారి లింబయ్య ఎడమ చేత్తో లాగితే, ఆ గుంజకంబంలాంటి మనిషి ఖాళీ సంచిలా వచ్చేశాడు.

పదేళ్లు ఆ ఒంటిని మలిచిన చేతులవి. ఎదుటివాడి బరువు ఎప్పుడు తాము లాక్కున్నదో, ఎప్పుడు వాడే వదిలి ఇచ్చిందో వాటికి తెలుసు. ముత్యం పాదం నేలను పట్టనేలేదు. ఆ క్షణంలో లింబయ్య చేయి వదిలేయవచ్చు. రేకుల గదిలో కూర్చున్న వెంకటవ్వ కళ్ల ముందు కదిలింది. అతను వదల్లేదు. ముత్యాన్ని వెల్లకిలా పడేసి మీద కూర్చున్నాడు.

జనం అతన్ని భుజాలకెత్తుకున్నారు. పాత ఒళ్లే ఒళ్లని దశరథం అందరికీ చెప్పుకుంటూ తిరిగాడు.

గదికి వచ్చాక వెంకటవ్వ తనంతట తానే చెప్పింది. నాలుగు రోజుల కింద ముత్యం ఇంటికి పోయి గది పోనీయొద్దని కొంగు చాపానని, అతను నీళ్లిచ్చి పంపాడని. లింబయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడటం మానేశాడు.

ముసలివాడి చేతిలో పడ్డ పహిల్వాన్‌ను దంగల్‌లకు ఎవరు పిలుస్తారు? ఆ ఎండాకాలం ముత్యానికి ఒక్క పిలుపూ రాలేదు. వానలు పడకముందే ఊరొదిలి పోయాడు.

అది విన్న రోజే లింబయ్య హోటల్‌కు పోయి అందరి ముందూ నిలబడ్డాడు.

"ముత్యం ఓడలే. నాకు ఇచ్చిండు. నేను తీసుకున్న."

దశరథం లేచి అతన్ని కౌగిలించుకున్నాడు. గెలిచి కూడా శిష్యుడి పరువు కాపాడుతున్నాడు, పాతకాలపు మనిషంటే ఇతనే అన్నాడు. లింబయ్య ప్రమాణం చేశాడు, బతిమాలాడు. ఎంత చెప్తే అంత గొప్పవాడైపోయాడు. చివరికి దేవిదాస్ పక్కకు పిలిచి, ముత్యం ఎలాగూ లేడు, ఈ మాట ఇక ఎత్తొద్దు, దొంగ కుస్తీ అని పేరొస్తే తాలీం మూతపడుతుందని మందలించాడు.

దీపావళి ముందు, ముత్యం నాందేడ్‌లో ఉన్నాడని తెలిసి లింబయ్య బస్సెక్కాడు. ముత్యం ఒక జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్లు మోస్తూ కనిపించాడు. ఒళ్లు కరిగిపోయింది. ఉస్తాద్‌ను చూడగానే బేలు దించి కాళ్లకు మొక్కాడు. గది, తాలీం అన్నీ నీకే ఇస్తాను, వచ్చేయమని లింబయ్య అడిగాడు.

"వచ్చి ఏం జెయ్యాలె ఉస్తాద్? నన్ను సూసి నవ్వుతరు. నువ్వు నిజం జెప్పినా ఎవ్వలు నమ్ముతలేరంట గద."

"నువ్వు జెప్పు. నువ్వు జెప్తె నమ్ముతరు."

"నేను జెప్తె ఓడినోని ఏడుపు అంటరు," అని ముత్యం బేలు కిందికి వీపు వంచాడు. ఎవడో కేకేస్తే లోపలికి వెళ్లిపోయాడు.

లింబయ్య ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వెంకటవ్వ జొన్నరొట్టె పెట్టి దూరంగా కూర్చుంది. ఏడు నెలల తర్వాత అతను ఆమె వైపు తిరిగాడు.

"నీ తప్పు లేదు. నువ్వు అడుగుడే అడిగినవ్. ఇడ్వనిది నా సెయ్యి."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాలీంలో కుస్తీ నేర్చుకునేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఉస్తాద్ కోసం ఎదురుచూస్తున్నారు. అతను రొట్టె సగంలో వదిలి, ఎడమ చేత్తో గోడ పట్టుకుని లేచాడు.