పెదవులు చెప్పని లెక్క

కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి? కుట్టుపనావిడ సంగతి అలాగే అయింది. ఒంటిని కాపాడవలసిన బలగమే లాలాజలం ఊరే గ్రంథుల మీద పడిందనీ, అందుకే నోరెండిపోతోందనీ డాక్టరమ్మ చెప్పింది. దారం కొసకు అద్దేపాటి తడి కూడా నాలుక మీద మిగల్లేదు.

ఆమె కుట్టుకొట్లోనే బొత్తాలు కుట్టే వదిన ఒక సీసా తెచ్చింది.

“చేపనూనె గుళికలే. మందు కాదు, తిండిలాంటిది. నోరు కాస్త ఊరుతుందట.”

“డాక్టరమ్మని అడగొద్దూ?”

“అడుగుదువుగానిలే. గుడ్డముక్క కోసేముందు పదిసార్లు కొలిచే బుద్ధి అన్నింటికీనా?”

అంతలో టీచరమ్మ తను కుట్టించుకుంటున్న గౌను తొడుక్కుని సరిచూసుకోవడానికి వచ్చింది. కుట్టుపనావిడ మోకాళ్ల మీద కూర్చుని, ఎప్పటిలాగే గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకుంది. వదిన చేతిలో పెట్టిన గుళికను కూడా వాటి పక్కనే ఇరికించుకుంది. అంచు మడిచాక నీళ్లతో వేసుకోవచ్చుననుకుంది.

“ఇంకాస్త పొట్టి చేస్తే?” టీచరమ్మ గిరుక్కున తిరిగింది.

కుట్టుపనావిడ “ఊఁ” అనబోయి గుటక వేసింది. ఏదో జారి, గొంతులో గుచ్చుకున్నట్టుగా ఆగిపోయింది.

సూదులు అరచేతిలోకి ఉమ్మింది. గుళిక లేదు. మరి దాంతోపాటు సూది కూడా వెళ్లిందా? ఎన్ని పెట్టుకుందో ఏనాడూ లెక్కపెట్టలేదు. ఆ లెక్క పెదవులే చెప్పేవి. ఇప్పుడవి చెక్కముక్కల్లా ఉన్నాయి.

ఆసుపత్రికి వెళ్లే దారిలో వదిన, “సూదైతే మంచిదేలేవే, లోపల చిరుగులుంటే కుట్టేస్తుంది” అంది. నవ్వబోయి, అడుగుల వేగం పెంచింది. కుట్టుపనావిడ పెదవులు బిగించుకుంది. నోరు కదిపితే సూది ఇంకా లోతుకు దిగుతుందేమోనని భయం.

ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ పరీక్షగా చూసింది.

“సూది లేదు. ఎండిన గొంతుకి గుళిక అంటుకుని గీరింది. వట్టి నోటితో మింగుతారా ఎవరైనా? మీరు వాడే మందులతో ఈ గుళికలు పడతాయో లేదో చూసి చెబుతాను. అందాకా ఆపండి.”

“బతికించావు తల్లీ!” వదిన కుర్చీలో కూలబడింది.

కుట్టుపనావిడ మళ్లీ ఎక్స్‌రే వైపు చూసింది. తన నోట్లో ఏముందో తనకు తెలియక, ఫోటో తీయించుకుని తెలుసుకుంది. మెత్తటి గుళికకూ ఇనుప మొనకూ తేడా చెప్పలేని నాలుకను పెట్టుకుని, రేపు ముద్ద ఎలా మింగడం?

“వదినా, ఇంకోసారి చూడమను.”

“లేదంటోందిగా!”

“ఇంకొక్కసారి” అంది, వదిన చెయ్యి గట్టిగా పట్టుకుని.