వెర్లీన్ తెల్ల గ్లౌజు

అమెరికాలో మిసిసిపీ నది గట్టున, రసాయనాల ఫ్యాక్టరీని ఆనుకుని ఉన్న నల్లవాళ్ల పేటలో వెర్లీన్ గిడ్రీ అంటే అందరికీ తెల్ల గ్లౌజులే గుర్తొస్తాయి. డెబ్బై దాటిన మనిషి. ఆదివారం తెల్ల గౌను వేసుకుని, ఇస్త్రీ చేసిన గ్లౌజులు తొడుక్కుని చర్చి గుమ్మం దగ్గర నిటారుగా నిలబడుతుంది. వచ్చినవాళ్లను కూర్చోబెట్టడం, ప్రార్థనకు లేపడం ఆమె పని. నోరు విప్పదు, అంతా చేతి సైగే. ఆమె కుడిచెయ్యి ఎత్తితే అందరూ లేవాలి, దించితే కూర్చోవాలి. ఇంటికొచ్చాక, విప్పేముందు, వరండా కమ్మీని ఆ గ్లౌజుతో ఒకసారి తుడుస్తుంది. అరచెయ్యంతా మసి.

రెండో ఫ్యాక్టరీకి అనుమతి ఇవ్వాలా వద్దా అని అధికారులు చర్చి హాల్లోనే విచారణ పెట్టారు. మాట్లాడటానికి మనిషికి రెండు నిమిషాలు. వెర్లీన్ లేచి మాసిన గ్లౌజు చూపింది.

"అది రోడ్డు దుమ్మమ్మా" అని నవ్వాడు కంపెనీ మనిషి.

"దుమ్మయితే ఉతికితే పోయేది నాయనా. మా ఆయన దగ్గి దగ్గి పోయాడు గానీ, ఇది పోలేదు."

"ఆ గ్లౌజు ఆ కంపెనీ ఆయనకే ఇచ్చెయ్ అక్కా, వాళ్లావిడ ఉతికి చూస్తుంది" అంది వెనక నుంచి చెల్లెలు రోసెట్. హాలంతా గొల్లున నవ్వింది.

"టైమయింది, కూర్చోండి" అన్నాడు పెద్ద అధికారి.

వెర్లీన్ కూర్చోలేదు. ఆ మాసిన గ్లౌజే తొడుక్కుని కుడిచెయ్యి పైకెత్తింది. నవ్వులు ఆగిపోయాయి. చేతికర్రల ముసలివాళ్లతో సహా పేటంతా లేచి నిలబడింది. ఏం చెయ్యాలో తోచక అధికారులూ లేచారు. ఆ రోజు అనుమతి కాగితం మీద సంతకం పడలేదు. వాళ్ల కార్లు కదిలేదాకా వెర్లీన్ చెయ్యి దించలేదు.