మాటలు ఆగిన వరండా

“మాటలు ఆపండి! ఆడాల్సింది చేతులు, నోర్లు గాదు,” అని కొత్త మేనేజరు బల్ల మీద స్కేలుతో కొడతా ఉంటే, నేను పక్కనుండే మస్తానమ్మత్త చేతిలో గంటె చూస్తా ఉన్నాను. కాడ మీద వెంట్రుకంత చీలిక. చెప్పాలి. చెప్పే దారి లేదు.

ఇది ఎనభై మూడులో, ఉదయగిరి దుర్గం కింద, మా చెక్క గంటెల షెడ్డులో. ఎనిమిదో తరగతితో చదువు చాలించి ఆడ చేరినాను. మగోళ్ళు లోపల కూచోని గంటెలు, ఫోర్కులు చెక్కతారు. ఆడోళ్ళం వరండాలో ఫినిషింగ్ చేస్తాం. ఫినిషింగ్ అంటే ఇంకేందో అనుకునేరు, ఉప్పుకాయితంతో పసిబిడ్డ బుగ్గ మాదిరి నున్నగా వచ్చేదాకా రుద్దడమే. చీలిక కనపడితే పక్కన పడెయ్యాలి. దాన్ని రిజెక్ట్ అంటారు.

మా వరండా అంటే మాటల సంత. ఎవరి కోడలు అలిగింది, వింజమూరు బస్సులో ఎవరు ఎవర్ని తిట్టినారు, అన్నీ ఆడ తేలాల్సిందే. అందరికంటే పెద్దది మస్తానమ్మత్త, నోరూ అందరికంటే పెద్దదే. మొగుడు పోయినాడు, పిల్లల్లేరు. “ఇంట్లో గోడలతో మాట్టాడి మాట్టాడి అవి గూడా ఇసుక్కున్నాయి మే,” అని నవ్వేది. చేతులు బంగారం. కండ్లకే పొర కమ్మింది. నునుపైతే వేళ్ళతో తడిమి కనుక్కునేది గానీ, సన్న చీలిక వేలికి తగలదు గదా. ఆ పని మా మాటలు చేసేవి. కోడళ్ళ కథ మధ్యలోనే “అత్తా, అది చీలింది, పక్కన పెట్టు” అనేదాన్ని. “తెలుసులే మే” అనేది. మళ్ళీ కథ.

ఇదేదీ మేనేజరుకి తెలీదు. చెడ్డోడేం కాదు. నెల్లూరు నించి పెద్ద ఆర్డరు వచ్చి ఉండింది, సరుకు టయానికి పోవాలని ఆయన ఆత్రం. మాటలు నిలిపేసి, మమ్మల్ని దూరం దూరంగా కూచోబెట్టి, ఎవరి తట్ట వాళ్ళకిచ్చినాడు.

కొన్నాళ్ళకి సరుకు వాపసు వచ్చింది. గంటెలు కొన్నోళ్ళ చేతిలోనే విరిగినాయంట. మేనేజరు ఒక్కో తట్టా తిరగేసుకుంటా వచ్చి అత్త ముందర నిలబడినాడు. ఆమె తట్టలో రుద్ది పెట్టినవే చీలికలతో కనపడినాయి.

“ఇంత చీలిక కనపడలేదామ్మా నీకు?”

అత్త తలెత్తి, ఆయన మొహానికి రవంత పక్కగా చూస్తా చెప్పింది. “చూడలా సారూ. ఒళ్ళు బద్దకం.”

నేను లేచినాను. “సారూ, ఆమెకి...”

“నువ్వు నోరు ముయ్యి మే!”

ఎప్పుడూ ఏందన్నా మాట్టాడు మే అని సతాయించే మనిషి. నన్ను మాట్టాడొద్దనింది ఆ ఒక్కసారే.

“బద్దకస్తులకి ఈడ పనిలేదు,” అని పంపించేసినాడు మేనేజరు.

సాయంత్రం చెయ్యి పట్టుకోని ఇంటికాడ దిగబెట్టినాను. “ఎందుకత్తా నన్ను చెప్పనీలా?”

గడప తడుముకోని కూచునింది. “బద్దకస్తురాలంటే, కోపం పోయినాక మళ్ళీ పిలస్తారు మే. గుడ్డిదంటే ఎవురు పిలస్తారు?”

ఎవరూ పిలవలా. చానా దినాలు పొద్దున్నే తల దువ్వుకోని అదే గడప మీద కూచునేది, వీధిలో అడుగుల చప్పుడైతే మొహం అటు తిప్పేది.

ఇప్పుడు ఆత్మకూరులో కుట్టుపని కాడ నా కింద కొంతమంది పిల్లలుండారు. వాళ్ళూ తెగ వాగతారు. ఆపండి అనేముందు, ఆ వాగుడు ఎవరికి ఆసరాగా ఉండాదోనని కాసేపు వింటాను. పని చేయించేవాళ్ళకి నేను చెప్పగలిగేది అంతే.

అత్తని పంపించేసిన మర్నాడు పొద్దున మాత్రం ఒక పని చేసినాను. అందరికంటే ముందు షెడ్డుకి పోయి, మూలన చుట్టి ఉన్న, ఆమె కూచునే గోనెపట్ట తెచ్చి, ముందటి మాదిరే నా పక్కన పరిచినాను. పని మొదలైనాక నా చేతికి చీలిన గంటె ఒకటి వచ్చింది.

“అత్తా, ఇది చీలింది, పక్కన పెట్టు,” అన్నాను, వరండా అంతా వినపడేట్టు.

మేనేజరు స్కేలు పట్టుకోని లేచినాడు. నన్ను చూసినాడు, ఖాళీ గోనెని చూసినాడు. నేను ఇంకో గంటె తీసుకున్నాను.

“ఇది బాగుండాదత్తా. రుద్దు.”