కుంపటి మీద ఆరిన గ్లౌజులు

నా చిన్నప్పుడు దబీర్‌పురాలోని మా ఇంట్లో వాన పడిందంటే ముందు చూసుకోవాల్సింది ఆరేసిన బట్టల్ని కాదు, మా బాపు తోలు కోటునూ గ్లౌజులనూ. బాపు కరెంటాఫీసులో పనిచేసేవాడు. ఎక్కడ తీగ తెగినా మోటారు సైకిలు మీద ముందు వెళ్ళేది ఆయనే. తీగలు తెగేది వానల్లోనే కాబట్టి, ఊరంతా చూరు కింద చేరే వేళకి ఆయన రోడ్డు మీద ఉండేవాడు.

ఆ కోటూ గ్లౌజులూ కుట్టింది మా ఎదురింటి తాత. ఆయన ఒకప్పుడు టాంగా గుర్రాలకు కళ్ళేలూ జీను పట్టీలూ కుట్టేవాడు. టాంగాలు తగ్గాక చెప్పులతో, సంచులతో కాలం గడిపేవాడు. తడిసిన తోలును ఎలా చూసుకోవాలో నాకు నేర్పింది ఆయనే. పొడిగుడ్డతో అద్ది, లోపల పాత పేపరు కుక్కి, ఎంత ఆలస్యమైనా సరే నీడనే గాలికి వేలాడదీయాలి. ఆరాక పైవైపు మాత్రం కాస్త మైనం రుద్దాలి. ఇంట్లో ఆ పని నాది. పదేళ్ళ పిల్లకి అదే పెద్ద హోదా, మా అన్నను కూడా వాటిని ముట్టనిచ్చేదాన్ని కాదు.

ఒక ఆషాఢంలో ముసురు పట్టి మూడు రోజులు వదల్లేదు. మూడో రోజు మధ్యాహ్నం బాపు తడిసి ముద్దై వచ్చాడు. చేతివేళ్ళు నాని తెల్లగా ముడతలు పడ్డాయి. అన్నం తిని, "అర్ధగంటల లేపుండ్రి, మల్ల మాదన్నపేటకు వోవాలె" అని నడుం వాల్చాడు. అర్ధగంటలో గ్లౌజులు నీడన ఆరవు. తడి గ్లౌజుల్లో ఆ వేళ్ళు మళ్ళీ పెట్టాలంటే నాకు మనసొప్పలేదు. అమ్మ అన్నం దించిన బొగ్గుల కుంపటి ఇంకా వేడిగానే ఉంది. దాని అంచున వాటిని పెట్టాను. ప్రేమ ఎక్కువైనచోట తెలివి తక్కువవుతుందని అప్పుడు నాకేం తెలుసు.

కాసేపటికి కాలిన వెంట్రుకల వాసన వచ్చింది. తీసి చూస్తే గ్లౌజులు ముడుచుకుపోయి వడియాల్లా గట్టిపడ్డాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కోపం వస్తే బాపు "తోలు దీస్త" అనేవాడు. ఏనాడూ చెయ్యెత్తిన మనిషి కాదు గానీ, ఆ రోజు ఆ మాట వినే ధైర్యం కూడా నాకు లేదు. మా ఇంట్లో పగిలిన మడమలకైనా, చిక్కుపడ్డ జుట్టుకైనా మందు ఒక్కటే, కొబ్బరినూనె. గిన్నెలో నూనె తెచ్చి వెనకా ముందూ, వేళ్ళకూ అరచేతులకూ పట్టించి, పిసికి పిసికి మెత్తబరిచాను. బాపు లేచి తొందర తొందరగా తొడుక్కున్నాడు. "జర బిగువైనయ్ గని మంచిగ ఆరినయ్ బిడ్డా" అని నా తల నిమిరి బండెక్కాడు. ఆ మెప్పు నాకు మింగుడు పడలేదు.

ఇంట్లో నిలవలేక ఎదురింటికి వెళ్ళాను. గ్లౌజులకు నూనె రాస్తే ఏమవుతుంది తాతా, అని ఊరికే అడిగినట్టు అడిగాను. ఆయన ఒక తోలు ముక్కకు నూనె పూసి, నీళ్ళు చల్లి, ఒక చివర నాకిచ్చి, ఇంకో చివర తాను పట్టుకుని, గట్టిగా లాగమన్నాడు. ఎంత బిగించినా నా పిడికిట్లోంచి సర్రున జారిపోయింది. "సూసినవా? అరచేతికి సుక్క గూడ తగలొద్దు. వానల బ్రేకు మీద చెయ్యి జారితే మనిషి దక్కడు" అన్నాడు. అంతలో నూనె మరకలున్న నా గౌను ఆయన కంట పడింది. చేతిలోని తోలు ముక్క కింద పెట్టేశాడు. బాపు ఎటు వెళ్ళాడని అడిగితే, మాదన్నపేటకని చెప్పాను. చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిచి, రిక్షా పిలిచాడు. దారిపొడుగునా నేను మొక్కని దేవుడు లేడు.

మాదన్నపేట కూరగాయల మార్కెట్టు మలుపులో జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో బాపు మోటారు సైకిలు పక్కకి ఒరిగి ఉంది. బాపు ఒక దుకాణం మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. బతికే ఉన్నాడని చూసి నాకు ఏడుపు తన్నుకొచ్చింది. కోటు మోచేతి దగ్గర చీలిపోయింది, లోపల చెయ్యి మాత్రం గీరుకుని ఊరుకుంది. తాతను చూడగానే బాపు గ్లౌజులు ఆయన ముందుకు విసిరాడు.

"ఇదేంది తాతా? బ్రేకు పట్టుకుంటె చెయ్యి జారిపాయె. ఇన్ని దినాలు నీ పనిని నమ్ముకోని తిరిగిన!"

తాత వాటిని తీసుకుని అరచేతులు తడిమి చూశాడు. జరిగింది ఆయనకు తెలుసు. అయినా నోరు విప్పలేదు, నా వైపు చూడనూ లేదు. ముసలాయనకు చూపు ఆనుతలేదేమోనని కూరలమ్మే ఆమె అంది. చేతులు వణుకుతున్నా ఎందుకు కుడుతున్నాడో అని ఇంకెవరో అన్నారు. ఆయన తలొంచుకుని వానలో నిలబడ్డాడు. నేను ఆయన పక్కనే ఉండి ఆ మాటలన్నీ విన్నాను. నోరు తెరవడానికి నాకు చాలాసేపు పట్టింది.

"తాత తప్పు లేదు బాపూ. కుంపటి మీద నేనే వెట్టిన. నూనె గూడ నేనే రాసిన."

బాపు నన్ను కొట్టలేదు. మాటా అనలేదు. తాత రెండు చేతులూ పట్టుకుని అందరి ముందూ క్షమించమన్నాడు. అది చూడటం దెబ్బలకన్నా కష్టమైంది.

మర్నాడు తాత ఆ గ్లౌజులకు కొత్త అరచేతులు కుడుతుంటే దగ్గర కూర్చున్నాను. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. "నేను జెప్తే చాడీ అయితది బిడ్డా, నువ్వు జెప్తేనే నిజమైతది" అన్నాడు, కుట్టు మీంచి కళ్ళెత్తకుండానే.

ఆ తర్వాత ఇన్నేళ్ళ జీవితంలో నేను చాలా తప్పులు చేశాను, చాలావరకు వెంటనే ఒప్పుకున్నాను కూడా. నిజాయితీ గల మనిషినని నలుగురూ అంటే మాత్రం నాకు సిగ్గేస్తుంది. ఆ రోజు చివరికి నిజం చెప్పానన్నది నిజమే. కానీ నేను చెప్పేలోపు ఒక ముసలి పనివాడు తన పేరు పోతున్నా వానలో నిలబడి మాటలు పడ్డాడు. ఆ కాసేపటిని మాత్రం నేను ఆయనకు తిరిగి ఇవ్వలేకపోయాను.