హెల్పర్ పట్టీలు తీసిన బండి

జనార్దన్ కూతురు స్నిగ్ధకు ఐదేళ్లు. గట్టిగా ఎత్తుకున్నా విరిగేంత పెళుసు ఎముకలు ఆ పిల్లవి. మూడు నెలలకోసారి హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోవాలి. వరదకు వంతెన కొట్టుకుపోయినప్పటి నుంచి మెదక్ దాటగానే దారి మూడు కిలోమీటర్లు పొలాల మీదుగా మళ్లింది.

అతని పాత ఎస్‌యూవీ మిగతా రోజుల్లో శంకరంపేట, రేగోడ్ ఊళ్లకు విత్తనాల బస్తాలు మోస్తుంది. వెనక భాగం కుంగకుండా, ఇరుసు మీద బరువు మోసే ఉక్కు స్ప్రింగులకు, అంటే కమాన్లకు, అదనంగా హెల్పర్ పట్టీలు వేయించాడు. బస్తాలుంటే బండి బాగానే పోయేది. ఖాళీగా ఉంటే చిన్న రాయికే ఎగిరిపడేది. మొన్న పొలం బాటలో బిగుసుకున్న ఇరుసు గుంతకు తగ్గట్టు ఒరగలేదు. ఒక చక్రం గాల్లోకి లేచి ఉత్తగా తిరిగింది.

"తీసెయ్ రాజన్నా," అన్నాడు జనార్దన్, కమాన్ల మేస్త్రీ సాల్మన్ రాజుతో.

"తీస్తే మెత్తగ పోతది. గని నీ పాత కమాన్లల్ల జీవం లేదు. మంది ఎక్కువైతే గుంతల ఇరుసొచ్చి అడుగుకు గుద్దుతది."

"ముగ్గురమే పోతం."

"నువ్వా? చెయ్యెత్తితే బర్రెను గూడ ఎక్కిచ్చుకుంటవ్!"

మర్నాడు వానలోనే బయల్దేరారు. బండి నిజంగానే మెత్తగా పోయింది. ఏ చక్రానికా చక్రం గుంతల్లోకి దిగి నేలను పట్టుకుంది. తల్లి సృజన ఒళ్లో స్నిగ్ధ పాట కూడా అందుకుంది.

అంతలో బురదలో దిగబడ్డ ఆటో, దాని పక్కన తడుస్తూ నలుగురు ఆడవాళ్లు. వాళ్లలో అతని మేనత్త కిష్టవ్వ.

"జనార్దనా, జర ఎక్కిచ్చుకో బిడ్డా!"

"వద్దు," అంది సృజన మెల్లగా.

మేనత్తను వానలో వదిలేసి పోవడానికి అతనికి మనసు రాలేదు. నలుగురు కలిసి రెండు క్వింటాళ్లు దాటరు, నిదానంగా పోతే చాలు అని లెక్కేసుకుని ఎక్కించుకున్నాడు.

కాలువ గుంతలో అడుగు నుంచి సమ్మెటతో మోదినట్టు దెబ్బ తగిలింది.

"అయ్యో, మేం దిగుతం బిడ్డా!" కిష్టవ్వ వాళ్లు దిగి బురదలో నడిచారు. తేలికైన బండి కుదుపు లేకుండా గట్టెక్కింది.

జనార్దన్ అద్దంలో చూశాడు. స్నిగ్ధ ఏడవడం లేదు. ఎముక విరిగితే ఆ పిల్ల ఏడవదు. ఏడిస్తే ఒళ్లు కదులుతుందని, కదిలితే నొప్పి ఎక్కువవుతుందని ఎప్పుడో నేర్చుకుంది.

"ఏ కాలు బిడ్డా?"

"కుడిది డాడీ," అంది, ఊపిరి బిగబట్టి.